అనంతగిరి కనుమలు – సైకిలు బ్రేకులు

విశాఖపట్నం నుండి అరకు లోయకు వెళ్లే మార్గం గురించి మన పాఠకులకు కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. సెలవు దినాలలో పిల్లాపాపలతో బస్సులోనో, కిరండూల్ రైలులోనో ఆ దారిన వెళ్లిరాని కుటుంబం మన కాలనీలో అరుదు. శృంగవరపుకోట దాటి, బొడ్డవర వద్ద కొండలు ఎదురై, ఆపై మలుపు మీద మలుపుగా అనంతగిరి కనుమ ఎక్కుతుంటే కనిపించే అందాలను ఇదివరకే ఎందరో వర్ణించారు. బొర్రా గుహల గురించీ, వాటిని 1807లో విలియం కింగ్ జార్జి అనే ఆంగ్లేయుడు వెలుగులోకి తెచ్చాడన్న సంగతి గురించీ చదవని విద్యార్థి ఉండడు. కాబట్టి వాటినే మళ్లీ వర్ణించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అదే దారిని సైకిళ్ల మీద ఎక్కి, సైకిళ్ల మీదనే దిగిన మాకు, ఆ దారి నేర్పిన ఒక చిన్న విద్యను తోటి ఉద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవడమే మా సంకల్పం.

కొండ ఎక్కడానికి కాళ్లు కావాలి. దిగడానికి బ్రేకులు కావాలి. ఎక్కేవాడు అలసిపోతే ఆగిపోతాడు, అంతకు మించిన ప్రమాదం లేదు. దిగేవాడి సంగతి అట్లా కాదు. అతడు ఆగదలచుకొన్నచోట ఆగలేకపోతే, ఆ తరువాత జరిగేది అతని చేతులలో ఉండదు. ఈ చిన్న సత్యం వినడానికి సులభమే గాని, దానిని చేతి వేళ్లకు, తీగలకు, రబ్బరు ముక్కలకు అన్వయించుకోవడానికి మాత్రం కొంత శ్రద్ధ కావాలి.

ప్రయాణం

మేము మొత్తం ఏడుగురము. మెకానికల్ నిర్వహణ విభాగం నుండి ఇద్దరు, లెక్కల విభాగం నుండి ఇద్దరు, ఇన్‌స్ట్రుమెంటేషన్ నుండి ఒకరు, ఆసుపత్రిలో పనిచేసే సిస్టరు గారు, వీరుగాక కొత్తగా చేరిన ట్రైనీ ఒకడు. మాలో పెద్దవారు ఫోర్‌మన్ గారు. పదవీ విరమణకు ఇంకా కొన్ని నెలలే ఉన్నా, మోకాళ్లలో మాత్రం పాతికేళ్ల కుర్రవాడి పట్టు ఉన్నవారు. మా సైకిళ్లు పాలవాళ్లు, పోస్టుమన్లు తొక్కే బరువైన సైకిళ్లు కావు. పొట్టేలు కొమ్ముల వలె కిందికి వంగిన హ్యాండిలు, సన్నని టైర్లు, తేలికైన చట్రం గల రోడ్డు సైకిళ్లు. వేగానికి ఇవి పుట్టినిల్లు. ఆ వేగాన్ని అదుపు చేసే బాధ్యత మాత్రం చక్రానికి ఇరువైపులా ఉండే, బొటనవేలంత పొడవు గల నాలుగు రబ్బరు ముక్కలది.

కార్తీక మాసం. తెల్లవారుజామున విశాఖ విడిచి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరి, అక్కడ ఇడ్లీలు తిని కొండ మొదలుపెట్టాము. తైడా దాటాక చలి తగిలింది. డముకు వద్ద నిలిచి వెనుదిరిగి చూస్తే, మేము ఎక్కివచ్చిన దారి పచ్చని కొండ నడుముకు చుట్టిన మొలతాడు వలె కనిపించింది. అనంతగిరి దాటి కాఫీతోటల మధ్య నుండి గాలికొండ ఎక్కి, సుంకరమెట్ట మీదుగా అరకులోయలోకి దిగేసరికి పొద్దు వాలుతున్నది. లోయ నిండా వలిసె పూలు. కనుచూపు మేర పసుపు ఆరబోసినట్లున్న ఆ పొలాలను చూశాక, మా లెక్కల విభాగపు మిత్రుడు కాళ్ల నొప్పుల ప్రస్తావన మళ్లీ ఎత్తలేదు. ఇక్కడి కొండవాలు తోటలలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కాఫీని పుట్టినచోటనే, చలిలో, వేడివేడిగా తాగడం ఒక భాగ్యం.

జగదల్‌పూర్‌లో బంధువుల ఇంటికి వెళ్లిన మా ట్రైనీ అక్కడి నుండి సైకిలుతో సహా రైలులో వచ్చి, అరకులో మాతో కలిశాడు. మరునాటి దిగుడు అతనికి మొదటి కొండ ప్రయాణం. ఆ ఉత్సాహం అతని మాటలలోనే కాదు, మెరుస్తున్న సైకిలులోను కనిపించింది. చేయి మారిన సైకిలే అయినా, ముచ్చటపడి రంగు వేయించుకొన్నాడు.

లెక్క ఏమి చెబుతుంది?

కొండ దిగే ముందునాటి సాయంత్రం ప్రతి సైకిలు బ్రేకులు పరీక్షించడం మా బృందం పెట్టుకొన్న నియమం. ఎంత అలసిపోయినా ఈ నియమానికి మినహాయింపు లేదు. అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క ఒకటి వేయాలి.

మనిషి, సైకిలు, వీపున సంచి కలిపి 85 కిలోల బరువు అనుకొందాము. కనుమ మీది నుండి మైదానానికి దిగుడు సుమారు వేయి మీటర్లని లెక్కకు తీసుకొందాము. ఆ బరువు అంత ఎత్తు నుండి దిగివచ్చేసరికి వదలవలసిన శక్తి 8 లక్షల 30 వేల జౌళ్లకు పైమాటే. ఈ శక్తితో సుమారు రెండున్నర లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. వేగంగా దిగినప్పుడు ఇందులో చాలా భాగాన్ని ఎదురుగాలి లాగేసుకొంటుంది. కాని మలుపుల దారిలో వేగంగా పోవడానికి వీలుండదు. నెమ్మదిగా దిగినకొద్దీ గాలి తీసుకొనే వాటా తగ్గి, బ్రేకులు మోయవలసిన వాటా పెరుగుతుంది. ఆ వేడి అంతా ఆ రబ్బరు ముక్కలలోకి, అవి ఒరుసుకొనే అల్యూమినియం రిమ్ములోకి పోవాలి. ఎడతెగకుండా బ్రేకు నొక్కి ఉంచితే, రిమ్ము వేడెక్కి, లోపలి ట్యూబు పేలిపోయే ప్రమాదం కూడ ఉన్నది.

ఈ లెక్కకు పెద్ద ఉదాహరణ మా కళ్ల ముందే ఉన్నది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఇదే కొండలలో సాగుతుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ, ఒకప్పుడు బ్రాడ్‌గేజీ స్టేషన్లలో అన్నింటికంటె ఎత్తయినదిగా పేరుపొందింది. ఈ మార్గం విశేషమేమంటే, బళ్లు ఖాళీగా కొండ ఎక్కుతాయి, వేల టన్నుల ఖనిజంతో నిండుగా కొండ దిగుతాయి. అంత బరువును చక్రాలను ఒరుసుకొనే బ్రేకు దిమ్మలతోనే ఆపాలంటే అవి తాళలేవు. అందుకే ఇంజను మోటార్లనే జనరేటర్లుగా మార్చి బండి వేగాన్ని అణచే ఏర్పాటు విద్యుత్ ఇంజన్లలో ఉంటుంది. కొత్త తరం ఇంజన్లయితే ఆ విద్యుత్తును తిరిగి పై తీగలోకి పంపుతాయి కూడ. పాపం, మన సైకిలుకు అటువంటి సదుపాయం లేదు. దానికి ఉన్నది వేడి ఒక్కటే దారి.

సాయంత్రపు పరీక్ష

మేము బస చేసిన చోటి వరండాలో సైకిళ్లన్నీ తలకిందులుగా నిలబెట్టి, ఫోర్‌మన్ గారు పరీక్ష ఆరంభించారు. మొదట బ్రేకు రబ్బర్లు. రబ్బరు మీద ఉండే గాళ్లు అరిగి మాయమైతే, దానికి కాలం చెల్లినట్లే. గాళ్లు ఉన్నా, పైభాగం గట్టిపడి అద్దంలా నునుపుదేరితే పట్టు ఉండదు. మా ఇన్‌స్ట్రుమెంటేషన్ మిత్రుని సైకిలుకు సరిగ్గా ఇదే వ్యాధి. రబ్బర్లు విప్పి, సన్నని గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్దేసరికి లోపలి కొత్త పొర బయటపడింది. సిస్టరు గారి సైకిలు రబ్బర్లలో మెరిసే చుక్కలు కనిపించాయి. అవి రిమ్ము నుండి ఊడిన అల్యూమినియం తునకలు, దారిలోని ఇసుక రేణువులు. వాటిని ఆ విధంగానే వదిలితే రబ్బరు ఆకురాయిగా మారి రిమ్మునే తినివేస్తుంది. సిస్టరు గారు సూది తెప్పించుకొని, ముల్లు తీసినంత నేర్పుగా ఒక్కొక్క తునకను పెరికివేశారు.

తరువాత రిమ్ములు. బ్రేకు పట్టే అంచు మీద నూనె చుక్క గాని, గొలుసు గ్రీజు మరక గాని ఉండరాదు. శుభ్రమైన గుడ్డను స్పిరిటులో తడిపి తుడిస్తే, గుడ్డకు అంటుకొన్న నలుపును చూసి మాకే ఆశ్చర్యం వేసింది. ఖర్చులేని ఈ ఒక్క పనితో బ్రేకు పట్టులో కలిగే మార్పు, చేసి చూసినవారికే తెలుస్తుంది.

ట్రైనీ సైకిలు వంతు వచ్చింది. ఫోర్‌మన్ గారు రిమ్ము అంచు మీద చిన్న స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, వెనుక నుండి టార్చిలైటు వేయించారు. స్కేలుకు రిమ్ముకు మధ్య వెలుతురు స్పష్టంగా కనిపించింది. చదునుగా ఉండవలసిన అంచు, ఏళ్ల తరబడి రబ్బరు ఒరిపిడికి దొప్పలా లోపలికి గుంటపడి ఉన్నది. అరుగుదల తెలియడానికి తయారీదారు పెట్టిన సన్నని గాడి ఆనవాలు కూడ మిగలలేదు. రంగు వేసినవాడు చట్రానికి రంగు వేయగలిగాడే గాని, అరిగిన రిమ్ముకు మందం పోయలేడు గదా!

దీని తీవ్రత ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. టైరులోని గాలి రిమ్ము అంచులను ఎల్లవేళలా బయటికి నెడుతూ ఉంటుంది. అంచు పలుచబడిన రిమ్ము, బ్రేకు నొక్కుడుకు వేడెక్కినప్పుడు నిలువునా చీలిపోవచ్చు. అదే జరిగితే టైరు ఊడి, చక్రం బిగుసుకొని, మనిషి ఎగిరి పడతాడు. మైదానంలోనైతే మోచేయి దోక్కుపోవచ్చు. అనంతగిరి మలుపులో రోడ్డు అంచు అవతల ఏమున్నదో చూసినవారికి మిగిలినది చెప్పనక్కరలేదు.

‘‘సార్, నెమ్మదిగా దిగుతాను, అందరికంటె వెనకాలే వస్తాను’’ అన్నాడు ట్రైనీ.

‘‘నాయనా, నెమ్మదిగా దిగేవాడే బ్రేకు ఎక్కువ నొక్కుతాడు. నీ రిమ్ముకు వేగం కాదు, నొక్కుడు శత్రువు’’ అన్నారు ఫోర్‌మన్ గారు.

కుర్రవాడి ముఖం చిన్నబోయింది. అతని ఉత్సాహాన్ని భంగపరచడం మాలో ఎవరికీ ఇష్టం లేదు. ఒకరు తమ చక్రం ఇస్తామన్నారు, చక్రం సరిపోలేదు. మరొకరు అనంతగిరి దాకా నడిపించి, అక్కడ లారీ ఎక్కిద్దామన్నారు. చివరకు సిస్టరు గారే అతని పక్కన కూర్చొని, ‘‘తమ్ముడూ, మా వార్డుకు వచ్చేవాళ్లలో చాలామంది నెమ్మదిగానే వెళ్తున్నామని చెబుతారు. మీ అమ్మగారికి ఫోను చేసి రైల్లో వస్తున్నానని చెప్పు. కొండ ఎక్కడికీ పోదు’’ అన్నారు. చాలాసేపు తల వంచుకొని ఉండి, ఆఖరుకు అతడు సరేనన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి, మేమందరము కొండ ఎక్కడానికి పడిన శ్రమకంటె ఎక్కువ శ్రమ పడ్డాడని మా అందరి అభిప్రాయం. మరునాడు అతడు కిరండూల్ రైలులో విశాఖకు, అతని సైకిలు అదే రైలు బ్రేకు వ్యానులో విశాఖకు ప్రయాణం చేశారు. బ్రేకు లేని సైకిలుకు బ్రేకు వ్యానే తగిన చోటని తరువాత తానే నవ్వుతూ అన్నాడు.

తీగలు, పిడులు, కొలతలు

ఆ రాత్రి మిగిలిన ఆరు సైకిళ్ల పని సాగింది. బ్రేకు రబ్బరు రిమ్ము అంచు మీద నిండుగా ఆనాలి. పైకి జరిగితే టైరును కోస్తుంది. కిందికి జారితే చువ్వలలోకి పోతుంది. రబ్బరు ముందుకొన వెనుకకొన కంటె వెంట్రుకవాసి ముందుగా రిమ్మును తాకేటట్లు బిగిస్తే, కీచుమనే అరుపు తగ్గుతుంది. ఇందుకు ఫోర్‌మన్ గారు పాటించే ఉపాయం చాలా సులువు. పోస్టుకార్డు ముక్కను మడిచి రబ్బరు వెనుకకొన కింద పెట్టి, పిడిని నొక్కి పట్టి, మర బిగించి, ఆపైన కార్డు లాగివేయడమే.

తీగ సంగతి మరీ ముఖ్యం. మన వేళ్ల బలం రబ్బరు దాకా చేరేది ఆ సన్నని ఉక్కు తీగ ద్వారానే. తుప్పు పట్టిన తీగ, నలిగిన తొడుగు, అడ్డదిడ్డంగా కత్తిరించిన తొడుగు కొస — ఇవన్నీ ఆ బలంలో వాటా తినే దళారులు. పిడి నొక్కితే మెత్తగా, స్పంజి వలె దిగుతున్నదంటే, లోపం చాలాసార్లు రబ్బరులో కాక తొడుగులోనే ఉంటుంది. లెక్కల మిత్రుని సైకిలుకు వెనుక తీగ మార్చవలసి వచ్చింది. తొడుగు కొస చదునుగా అరగదీయడానికి మా వద్ద ఆకురాయి లేదు. బజారులో పంక్చర్లు వేసే సైకిలు షాపు పెద్దాయన వద్దకు వెళ్తే, ఆయన అప్పటికే షాపు కట్టివేసినా మళ్లీ తలుపు తీసి, పట్టుకారులో తొడుగు బిగించి, తానే అరగదీసి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ‘‘రేపు దిగేటప్పుడు గాలికొండ దాటినాక మంచు ఉంటాది బాబూ, చూసుకోండి’’ అని మాత్రం అన్నాడు.

ఒక హెచ్చరిక కూడ ఇక్కడే చెప్పాలి. గేర్ల తీగకు వాడే తొడుగు, బ్రేకు తీగకు వాడే తొడుగు పైకి ఒకేలా కనిపిస్తాయి. కాని గేర్ల తొడుగులో ఉక్కు పోగులు నిలువుగా ఉంటాయి. బ్రేకు తొడుగులో మెలిక తిరిగి స్ప్రింగు వలె చుట్టుకొని ఉంటాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు కలిగే ఒత్తిడికి గేర్ల తొడుగు పగిలిపోవచ్చు. ఒకదానికి బదులు మరొకటి ఎన్నడూ వాడరాదు.

ఇక చేతి కొలత. సిస్టరు గారి వేళ్లు చిన్నవి. బ్రేకు పిడి హ్యాండిలుకు దూరంగా ఉండడం వలన ఆమె వేళ్ల కొసలతోనే నొక్కవలసి వచ్చేది. పిడి దగ్గర ఉండే చిన్న మర తిప్పి, పిడిని లోపలికి జరిపాము. ఆమెకు అదే పెద్ద మరమ్మతు. మన ఇళ్లలో పిల్లల సైకిళ్లకు కూడ చాలావరకు ఇదే లోపమని గమనించవచ్చు.

మాలో ఒక్కరి సైకిలుకు మాత్రం డిస్కు బ్రేకులు ఉన్నాయి. చక్రం నడుమ ఉండే ఉక్కు బిళ్లను పట్టే ఈ బ్రేకులను రోడ్డు పందాలలో 2018 నుండి పూర్తిగా అనుమతించారు. వానలో వీటి పట్టు రిమ్ము బ్రేకులంతగా తగ్గదు, రిమ్ము అరగదు, వేడి టైరు దాకా పోదు. అయితే వీటికీ జబ్బులు లేకపోలేదు. బిళ్ల మీద ఒక్క నూనె చుక్క పడితే ప్యాడ్లు దానిని పీల్చుకొని పనికిరాకుండా పోతాయి. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే కొండకు తీసుకుపోరాదు. మైదానంలో పలుమార్లు వేగం పెంచి, తగ్గించి, వాటిని బిళ్లకు అలవాటు చేయాలి. లోపల ద్రవంతో పనిచేసేవాటికి తయారీదారు చెప్పిన ద్రవమే పోయాలి.

దిగుడు

తెల్లవారి బయలుదేరే ముందు టైర్ల గాలి చూసుకొన్నాము. బ్రేకు ఎంత గొప్పదైనా, చివరకు బండిని ఆపేది టైరుకు రోడ్డుకు మధ్య ఉన్న పట్టే. పూర్వం రోడ్డు సైకిలు టైర్లు 23 మిల్లీమీటర్ల వెడల్పుండి, రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టేవారు. ఇప్పుడు చట్రంలో చోటు ఉంటే 28 మిల్లీమీటర్ల టైరు వేసి, గాలి కొంత తగ్గించి నడుపుతున్నారు. గతుకుల మీద ఎగరకుండా రోడ్డును అంటిపెట్టుకొని ఉండే టైరే బాగా ఆగుతుంది.

గాలికొండ దాటగానే సైకిలు షాపు పెద్దాయన చెప్పినట్లే మంచు కమ్మింది, సన్నని తుంపర కూడ మొదలైంది. ఇటువంటప్పుడు రిమ్ము బ్రేకు స్వభావం తెలిసి ఉండాలి. తడి రిమ్మును రబ్బరు పట్టగానే బండి ఆగదు. మొదటి కొన్ని చుట్లు నీటిపొరను తుడవడానికే సరిపోతాయి. పాత సైకిళ్ల క్రోమియం పూత ఉక్కు రిమ్ములైతే వానలో ఇంకా మొండికేస్తాయి. అల్యూమినియం రిమ్ములు వాటికంటె చాలా నయం. అందుకే మేము అవసరం లేకున్నా అప్పుడప్పుడు పిడిని తేలికగా తాకిస్తూ, రిమ్మును పొడిగా ఉంచుకొంటూ దిగాము.

ముందు బ్రేకు నొక్కితే మనిషి బోర్లా పడతాడన్న భయం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది. అందులో కొంత నిజం, కొంత అపోహ. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనుక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం జారుతుందే గాని ఆపలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, రెండు బ్రేకులు నేర్పుగా వాడితే సుమారు 12, 13 మీటర్లలో ఆగవచ్చు. వెనుక బ్రేకుతోనే ఆపబోతే ఆ దూరం దాదాపు రెట్టింపు. ఇది గాక, ప్రమాదాన్ని గ్రహించి వేళ్లు కదిలే ఒక్క సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. కాబట్టి ముందు బ్రేకును వదలడం కాదు, దానిని మచ్చిక చేసుకోవడం నేర్వాలి. ఒక్కసారిగా లాగక క్రమంగా బిగించాలి. శరీరాన్ని జీను వెనుకకు జరపాలి, మోచేతులు చాచి ఆనుకోవాలి. హ్యాండిలు వంపులలో కిందివైపు పట్టుకొంటే వేళ్లు పిడి కొసన పడి, తక్కువ బలంతో ఎక్కువ పట్టు దొరుకుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదలివేయాలి. ఒరిగిన టైరుకు మలుపు తిరిగే పని, ఆగే పని రెండూ ఒకేసారి అప్పగిస్తే రెండింటినీ చెడగొడుతుంది.

ఏ చేతి పిడి ఏ చక్రానిదో కూడ తెలుసుకోవాలి. మన దేశపు సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి పిడి ముందు చక్రానిది. కొన్ని విదేశీ సైకిళ్లకు ఇది తారుమారుగా ఉంటుంది. అరువు తెచ్చుకొన్న సైకిలుతో కొండ దిగేవాడు మొదట ఈ ఒక్క సంగతి చూసుకోవాలి.

డముకుకు పైన ఒక మలుపులో మా శ్రద్ధకు పరీక్ష ఎదురైంది. సిస్టరు గారు వరుసలో ముందున్నారు. మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా ఆవులమంద. వాటి వెనుక కర్ర పట్టుకొన్న పదేళ్ల పిల్లవాడు. అవతలి వైపు నుండి హారను మోగిస్తూ ఎక్కివస్తున్న బస్సు. కుడికి పోతే బస్సు, ఎడమకు పోతే లోయ, నేరుగా పోతే పిల్లవాడు. రోడ్డు తడిగా ఉన్నది. ఆమె తప్పుకోవడానికి ప్రయత్నించక, నేరుగా, రెండు పిడులూ క్రమంగా బిగిస్తూ ఆపారు. చక్రం జారలేదు. ఆఖరి ఆవుకు రెండు మూరల ఇవతల సైకిలు నిలిచింది. ఆమె వెనుక దూరం పాటిస్తూ వస్తున్న మేమందరము ఎక్కడివాళ్లమక్కడ ఆగిపోయాము. పిల్లవాడు మా వంక ఒకసారి చూసి, ఏమీ జరగనట్లు ఆవులను అదిలించుకొంటూ పోయాడు. నిజమే, ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం కోసమే ముందునాటి రాత్రి మేము అంతసేపు మేలుకొన్నది.

అక్కడ పది నిమిషాలు ఆగాము. సిస్టరు గారు తన వేళ్లు చూసుకొంటూ, ‘‘పిడి దగ్గరికి జరపకపోయి ఉంటే నా వేళ్లు అందేవి కావు’’ అని మాత్రం అన్నారు. ఫోర్‌మన్ గారు ఏమీ అనలేదు. రిమ్ము మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి, అవి ఎంతసేపటికి ఆరుతాయో చూస్తూ నిలబడ్డారు. బొర్రా వెళ్లే దారి చీలేచోట మళ్లీ ఆగి, చక్రాలు చల్లబరచుకొని, వేడి టీ తాగి, మిగిలిన దిగుడు పూర్తిచేశాము. బొడ్డవర వద్ద దారి చదునుకాగానే మంచు విడిపోయి ఎండ వచ్చింది. దూరంగా ఖనిజంతో నిండిన గూడ్సుబండి ఒకటి, ఏ తొందరా లేకుండా, వంపులు తిరుగుతూ కొండ దిగుతూ కనిపించింది.

ఆ తరువాతి సంగతి. మా ట్రైనీ రెండు నెలల జీతంలో మిగిల్చి కొత్త ముందు చక్రం, వెనుక చక్రం వేయించుకొన్నాడు. ఆ మాఘమాసంలో మాతో పాటు కొండ ఎక్కి, మాతో పాటే దిగాడు. ఈసారి ముందునాటి సాయంత్రం స్కేలు, టార్చిలైటు పట్టుకొన్నది అతడే. ఫోర్‌మన్ గారి సైకిలును కూడ వదలలేదు. వెనుక రబ్బరు ఒకటి మార్చాలని తేల్చి చెబితే, ఆయన మారుమాట లేకుండా మార్చుకొన్నారు.

కర్మాగారంలో ఏ యంత్రమైనా నడపడానికి ముందు ఆపే ఏర్పాటు సరిగా ఉన్నదో లేదో చూడడం మనకు నేర్పిన మొదటి పాఠం. ఇంటికి వచ్చాక మాత్రం పిల్లల సైకిలు గంట మోగుతున్నదా అని చూస్తాము, సీటు ఎత్తు చూస్తాము, బ్రేకు చూడడం మరచిపోతాము. ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. రబ్బర్లు అరిగాయేమో చూడండి. రిమ్ము తుడవండి. తీగ తుప్పు పట్టిందేమో చూడండి. పిల్లల వేళ్లు పిడికి అందుతున్నాయో లేదో వారి చేతనే నొక్కించి చూడండి. సైకిలును ముందుకు నెట్టి, ముందు బ్రేకు నొక్కితే వెనుక చక్రం లేవాలి. వెనుక బ్రేకు నొక్కితే వెనుక చక్రం ఈడ్చుకుపోవాలి. ఈ రెండూ జరిగితే, ఆ సైకిలు మీద మీ పిల్లలు బడికి వెళ్లివచ్చేదాకా మీరు నిశ్చింతగా ఉండవచ్చు. అటుపైన వారిని అరకు తీసుకువెళ్లదలిస్తే, వలిసె పూలు పూసే రోజులలో మాకు కబురు చేయండి. స్కేలు, టార్చిలైటు మేము తెస్తాము.